లాకుల్లేని కాలువ

పింఛను, బ్యాంకు, రైలు టికెట్టు, వరద హెచ్చరిక... గోదావరి జిల్లాల్లో అన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. చూపు లేనివాళ్లకి, వినపడనివాళ్లకి, చేతులు సహకరించనివాళ్లకి ఆ ఫోను ఎంతవరకు తలుపు తీస్తోంది?

రాజమహేంద్రవరం దానవాయిపేటలో మా మావయ్య ఇంటి వరండాలో పొద్దున్న ఏడింటికల్లా ఓ గొంతు గబగబా ఏదో చదువుతూ ఉంటుంది. మనిషి గొంతు కాదు, ఫోను గొంతు. అది ఎంత వేగంగా పోతుందంటే పక్కన కూర్చున్న మనకి ఒక్క ముక్క కూడా అర్థం కాదు. మావయ్యకి మాత్రం అన్నీ అందుతాయి. హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. నీటికాసులు ఆయన చూపుని అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వచ్చి, రిటైరైన నాలుగేళ్లకి పూర్తిగా ఆర్పేశాయి. అయినా ఆయన పేపరు చదువుతాడు, వాట్సాప్‌లో పాత విద్యార్థులకి జవాబులిస్తాడు, పంచాంగం చూసుకుంటాడు. అన్నీ చెవులతోనే.

కిందటి వేసవిలో ఒకరోజు నన్ను కూర్చోబెట్టాడు. "ఒరేయ్, కళ్లు మూసుకో. నేను చేస్తుంటాను, నువ్వు వింటూ ఉండు" అన్నాడు. బ్యాంకు యాప్ తెరిచాడు. ఏ బ్యాంకో ఇక్కడ అనవసరం. వేలితో కుడివైపు ఒక్కసారి జరిపాడు. "బటన్" అంది ఫోను. మళ్లీ జరిపాడు. "బటన్." మళ్లీ. "బటన్." ఆ తర్వాత "ఇమేజ్." అంతే. ఆ బటన్ దేనికో, ఆ బొమ్మ ఏమిటో చెప్పలేదు.

"వీటిల్లో ఒకటి నొక్కితే డబ్బులు వెళ్లిపోతాయి, ఒకటి నొక్కితే బ్యాలెన్స్ వస్తుంది, ఇంకోటి నొక్కితే మొత్తం మూసుకుపోతుంది. ఏది ఏదో చెప్పే నాథుడు లేడురా" అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. ఖాతా వివరాలు సరిచూడాలని ఆ యాప్ కెమెరా తెరిచింది. తెర మీద ఒక గుండ్రని గీత, దాని కింద 'మీ ముఖాన్ని వృత్తంలో ఉంచండి, కళ్లు ఆర్పండి' అని అక్షరాలు. ఆ అక్షరాల్ని ఫోను చదవలేదు. మావయ్య ఫోన్ని కాస్త పైకెత్తాడు, దించాడు, పక్కకి తిప్పాడు. గడువు దాటిందని తెర మూసుకుపోయింది. మళ్లీ మొదటి నుంచి. నల్లబల్ల మీద చేత్తోనే నిండు వృత్తం గీసి క్లాసునంతా నోరెళ్లబెట్టించిన మనిషి, ఆ వృత్తం ఎక్కడుందో తెలియక మూడుసార్లు వెతికాడు. నాలుగోసారి నేను ఫోను పట్టుకున్నాను.

నేను లేనప్పుడు ఏం చేస్తావని అడిగాను. వీధి చివర జిరాక్స్ షాపు కుర్రాడి దగ్గరికి వెళతాడట. పిన్ నంబర్ కూడా చెబుతాడట. "మంచి కుర్రాడేరా. కానీ నా పిన్ను వాడికెందుకు తెలియాలి?" ఈ కథనం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

అర నిమిషం పని

చూపు లేనివాళ్లు ఫోను ఎలా వాడతారో చాలామందికి తెలియదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్ఓవర్ అనే సదుపాయం కొన్న రోజునుంచే లోపల ఉంటుంది. కంప్యూటర్ మీదైతే ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాకి చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు చూపులేని మిత్రులు 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. వేలకి వేలు పోసి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ తప్ప గతి లేని రోజుల్లో, దాన్ని కొనలేని వాళ్ల కోసం కట్టారు. వీటిని స్క్రీన్ రీడర్లు అంటారు. తెర మీద ఏముందో వరసగా పైకి చదవడమే వీటి పని. వేలు కుడివైపు జరిపితే తర్వాతి అంశం, రెండుసార్లు తడితే ఎంపిక.

అయితే స్క్రీన్ రీడర్ తెరని మనలా చూడదు. వెనక కోడ్‌లో ఏం రాసి ఉందో దాన్ని చదువుతుంది. బాణం గుర్తున్న బటన్ కనపడగానే మనం 'పంపు' అని అర్థం చేసుకుంటాం. స్క్రీన్ రీడర్‌కి అది తెలియాలంటే, ఆ యాప్ తయారు చేసినవాళ్లు కోడ్‌లో ఆ బటన్ పక్కన 'పంపు' అని ఒక పేరు రాయాలి. రాస్తే మావయ్య డబ్బులు పంపుకుంటాడు. రాయకపోతే "బటన్" అని మాత్రమే వింటాడు. ఆ పేరు రాయడానికి పట్టేది అర నిమిషం. వేరే యంత్రం కొనక్కర్లేదు, వేరే యాప్ కట్టక్కర్లేదు. వెబ్‌సైట్లలో బొమ్మ పక్కన అది దేని బొమ్మో ఒక వాక్యం, ఫారంలో ప్రతి గడికీ ఒక పేరు, మౌస్ లేకుండా కీబోర్డుతోనే అన్నిచోట్లకీ వెళ్లే దారి... ఇవన్నీ ఇలాంటి పనులే.

ఇవేవో ఒకరికి తోచిన సలహాలు కావు. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 1999లోనే మొదటి మార్గదర్శకాలు ఇచ్చింది. 2008లో రెండో కూర్పు వచ్చింది, 2018లోనూ 2023లోనూ దాన్ని పెంచారు. అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య తేడా కనీసం నాలుగున్నర రెట్లు ఉండాలని కూడా అందులో లెక్క కట్టి చెప్పారు. లేత బూడిద రంగు మీద తెల్ల అక్షరాలు పెట్టే డిజైనర్లు మిట్టమధ్యాహ్నం ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడి తమ యాప్‌ని ఒకసారి తెరిచి చూసుకోవాలి. ఆ ఎండలో కళ్లున్నవాళ్లకీ ఏమీ కనపడదు. శుక్లాలు మొదలైన మా అమ్మకి ఇంట్లోనే కనపడదు.

పేర్లు మార్చాం, తలుపులు మార్చలేదు

ఒకప్పుడు 'వికలాంగులు' అనేవాళ్లం. ఆ మాట బాగాలేదని 'విభిన్న ప్రతిభావంతులు' అన్నాం, 'దివ్యాంగులు' అన్నాం. గౌరవంగా పిలవాలనుకోవడం మంచిదే. కానీ మావయ్యని ఏమని పిలిచినా ఆ మూడు బటన్లూ మూడు బటన్లుగానే ఉన్నాయి.

2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది వికలాంగులు తేలారు. దేశం మొత్తం మీద 2 కోట్ల 68 లక్షలు. అప్పటి లెక్కలో వైకల్యాల రకాలు ఎనిమిదే. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల్ని గుర్తించింది. కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దదే అయి ఉండాలి. చక్కెర వ్యాధితో చూపు మందగించినవాళ్లు, పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినవాళ్లు, వయసుతో వేళ్లు వణికేవాళ్లు ఏ సర్టిఫికెట్టూ తీసుకోకుండానే ఇదే ఇబ్బంది పడుతుంటారు.

వాళ్లందరి ఇబ్బందీ ఒకటి కాదు. వినపడనివాళ్లకి తెర మీద అక్షరాలతో పేచీ లేదు. 'మరిన్ని వివరాలకు ఈ నంబరుకి ఫోన్ చేయండి' అన్న దగ్గర ఆగిపోతారు. మంత్రులూ కలెక్టర్లూ మాట్లాడే వీడియోలకి కింద అక్షరాలుండవు. చెయ్యి వణికేవాళ్లకి వేలి గోరంత ఉండే 'ఎక్స్' గుర్తు మీద నొక్కడం గగనం. ఓటీపీ గడువు ముప్ఫై సెకన్లంటే, మెసేజ్ తెరిచి, విని, గుర్తుపెట్టుకుని, మళ్లీ యాప్‌లోకి వచ్చి, అంకెకో తట్టు చొప్పున కొట్టేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. వంకరటింకర అక్షరాల్ని గుర్తుపట్టి కొట్టమనే క్యాప్చా సంగతి సరేసరి. ఎదుట ఉన్నది యంత్రం కాదు, మనిషి అని తేల్చుకోవడానికి పెట్టిన పరీక్ష అది. చూపు లేని మనిషి అందులో ఎప్పుడూ తప్పుతూనే ఉంటాడు.

వేలిముద్రల గొడవ డెల్టాలో అందరికీ తెలిసిందే. కొబ్బరిపీచు పనిలో, ఇటుకబట్టీల్లో గీతలరిగిపోయిన వేళ్లు, కుష్టువ్యాధి తినేసిన వేళ్లు యంత్రానికి అందవు. "ముద్ర పడట్లేదండీ" అన్న మాట రేషన్ డిపో దగ్గర ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

మన తెలుగు, మనమే మూసిన తలుపు

ఇంతవరకు చెప్పినవి ప్రపంచమంతటా ఉన్న కష్టాలే. తెలుగువాళ్లకి ఇంకొకటి అదనంగా ఉంది. అందులో మా పత్రికలవాళ్ల పాత్రా ఉంది కాబట్టి దాచకుండా చెప్పాలి.

కంప్యూటర్ మీద తెలుగు అక్షరాలు చాలా ఏళ్ల పాటు వేషం వేసుకుని బతికాయి. అను ఫాంట్లతో టైపు చేసినప్పుడు తెర మీద మనకి 'అమ్మ' అని కనపడుతుంది. కంప్యూటర్ లోపల మాత్రం అది ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన ముద్ద. వాటికి ఫాంటు తెలుగు ముసుగు వేస్తుందంతే. కాగితం మీద అచ్చేసినంతకాలం ఇబ్బంది లేదు, ఎందుకంటే కాగితాన్ని చదివేది మనిషి కళ్లే. అదే ఫైలు నెట్‌లోకి ఎక్కితే స్క్రీన్ రీడర్‌కి ముసుగు కనపడదు, లోపలి ముద్దే వినపడుతుంది. పోతన పద్యమైనా, పింఛను ఉత్తర్వైనా దానికి అర్థంలేని అక్షరాల వానే.

తెలుగుకి యూనికోడ్‌లో చోటు దక్కింది 1991లో, మొదటి కూర్పులోనే. ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న సొంత సంకేతం అప్పటినుంచే ఉంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2010 దశకం మొదట్లో సిలికానాంధ్ర అనే సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి గిడుగు, గురజాడ, సూరన్న, పెద్దన, తిమ్మన పేర్లతో వరసగా యూనికోడ్ ఫాంట్లు విడుదల చేశాయి. అవన్నీ ఇప్పటికీ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అయినా మన డీటీపీ సెంటర్లలో చాలామటుకు పాత అలవాటే నడుస్తోంది. పెళ్లి శుభలేఖకైతే ఏ ఫాంటైనా ఒకటే. పంచాయతీ నోటీసుకీ, పరీక్ష సిలబస్‌కీ, ఆస్పత్రి సూచనలకీ మాత్రం ఒకటి కాదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. కంప్యూటర్లో శుభ్రంగా టైపు చేసిన ఉత్తర్వుని ప్రింటు తీస్తారు, సంతకం పెడతారు, ముద్ర వేస్తారు, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడతారు. ఇప్పుడది అక్షరాల పత్రం కాదు, కాగితం ఫొటో. దాన్ని తెరిస్తే స్క్రీన్ రీడర్ ఖాళీ పేజీ అంటుంది. వికలాంగుల కోసం ఇచ్చిన ఉత్తర్వు కూడా అంతే. ఫొటోలోని తెలుగు అక్షరాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు బాగానే మెరుగుపడింది. మావయ్య దాంతోనే నెట్టుకొస్తున్నాడు. కానీ పట్టికలూ గడులూ ఉన్న పేజీలో అది తికమకపడుతుంది. ఒకరి పేరు పక్కన ఇంకొకరి మార్కులు చదువుతుంది. చేతిలో అసలు ఫైలు పెట్టుకుని ఫొటో ఎందుకివ్వాలి?

మూడోది కనపడనంత చిన్నది. వెబ్ పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో ఒకచోట చెప్పాలి. మన తెలుగు పేజీలు కొన్ని అక్కడ 'ఇంగ్లీష్' అని ఊరుకుంటాయి. టెంప్లేటులో ముందునుంచీ ఉన్నదాన్ని ఎవరూ మార్చరు. దాంతో స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతు ఎత్తుకుంటుంది, తెలుగు అక్షరాలు ఎదురైన చోటల్లా నీళ్లు నములుతుంది, లేదా మొత్తానికే దాటేస్తుంది. మార్చాల్సింది రెండే రెండు అక్షరాలు.

ఇక్కడ గిడుగు రామమూర్తి గారు గుర్తుకొస్తారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. చదువు నలుగురికీ అందాలంటే నలుగురూ మాట్లాడే భాషలో ఉండాలని జీవితమంతా పోరాడారు. సవరల భాష నేర్చుకోవడానికి మన్యంలో తిరిగి, మలేరియా పడి, క్వినైన్ వాడకంతో వినికిడి పోగొట్టుకున్నారు. చెవులు వినపడని మనిషి మనకి వాడుకభాష ఇచ్చాడు. 1936లో తానుంటున్న పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లినప్పుడు ఆ ఊరు వదిలి వచ్చి ఉన్నది ఈ రాజమండ్రిలోనే. ఆయన పేరు పెట్టిన ఫాంటు ఉచితంగా దొరుకుతుండగా మన నోటీసులు ఇంకా ముసుగు అక్షరాల్లో వెలువడటం నాకు బాధ కలిగిస్తుంది.

వరద వచ్చిన రాత్రి

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకి కొన్ని అంకెలు నోటికొచ్చి ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. 1986 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ లంకగ్రామాలవాళ్లు ఈ అంకెల్ని చూసుకుంటూ రాత్రిళ్లు గడిపారు. తుపాన్లయితే చెప్పనక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరితోటల్ని ఊడ్చేసిన గాలిని ఇప్పటికీ తలుచుకుంటారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర్లో తీరం దాటింది.

1996లో హెచ్చరిక రేడియోలో వచ్చింది, దండోరాలో వచ్చింది. ఇప్పుడు వాట్సాప్‌లో వస్తోంది. వచ్చేది ఎక్కువగా బొమ్మగా వస్తోంది. పైన అధికార చిహ్నం, మధ్యలో ఎర్ర రంగులో 'హెచ్చరిక', కింద పునరావాస కేంద్రాల పేర్లు. చూడ్డానికి బాగుంటుంది, నలుగురికీ పంపడానికి తేలిక. చూపు లేనివాడి ఫోను మాత్రం దాన్ని "ఫొటో" అని ఊరుకుంటుంది. అదే సమాచారం వీడియోగా వస్తే వినపడనివాళ్లకి అందదు. ఆ బొమ్మ కింద అవే మాటలు మామూలు అక్షరాల్లో ఇంకోసారి టైపు చేస్తే ఇద్దరికీ అందుతాయి. మండలానికొకరు ఆ పని చేస్తే చాలు. మిగతా సందర్భాల్లో ఆలస్యాన్ని ఓర్చుకోవచ్చేమో గానీ, ఏటిగట్టు మీద నీళ్లు పొర్లేటప్పుడు ఓర్చుకోలేం.

ఇదే చోట ఒక మంచి మాటా చెప్పాలి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. తొలివిడతలోనే 161 సేవలు. వాట్సాప్ టాక్‌బ్యాక్‌తో బాగా నడిచే యాప్. మావయ్యకి అది కొట్టినపిండి. కొత్త యాప్ కట్టి కొత్త కష్టాలు పెట్టే బదులు జనానికి అలవాటైన చోటికే సేవల్ని తీసుకురావడం సరైన అడుగు. పంపే ప్రతి జవాబూ, ప్రతి పత్రమూ అక్షరాల్లో ఉంటే ఆ అడుగు పూర్తవుతుంది.

కోర్టు ఏమంది?

ఇదంతా దయతో చేసే సాయం కాదు, చట్టం చెప్పిన బాధ్యత. 2016 చట్టంలోని 42వ సెక్షన్ సమాచారమూ ఎలక్ట్రానిక్ మాధ్యమాలూ వికలాంగులకి అందుబాటులో ఉండేలా ప్రభుత్వం చూడాలంది. 46వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా సేవలందించే ప్రతి సంస్థకీ రెండేళ్ల గడువు పెట్టింది. మరి అమలెందుకు కాలేదు? ఆ చట్టం కింద 2017లో రాసుకున్న నిబంధనల్లో 15వది, ప్రమాణాల్ని కేవలం మార్గదర్శకాలకి వదిలేసింది. పాటించినా పాటించకపోయినా అడిగేవాడు లేడు.

ఢిల్లీలో ఉండే చూపులేని హక్కుల కార్యకర్త రాజీవ్ రతూరి 2005లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఈ చిక్కుముడిని విప్పింది. 2017 డిసెంబరులో కోర్టు ఆదేశాలిచ్చినా ప్రభుత్వాలు కదల్లేదు. అప్పుడు అసలు పరిస్థితేమిటో చూసి చెప్పమని కోర్టు ఓ సంస్థకి అప్పగించింది. అది మన హైదరాబాద్ శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. అక్కడి వికలాంగుల అధ్యయన కేంద్రం భవనాల నుంచి వెబ్‌సైట్ల దాకా పరిశీలించి నివేదిక ఇచ్చింది. 2024 నవంబరు 8న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం ఆ నివేదికను ఆధారం చేసుకుని 15వ నిబంధన చట్టానికే విరుద్ధమని కొట్టేసింది. తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. తెలుగునేల మీద తయారైన ఒక నివేదిక దేశం మొత్తానికి దారి చూపింది. ఈ మాట మన పిల్లలకి చెప్పుకోవాలి.

తర్వాత ఆరు నెలలకే ఇంకో తీర్పు. ప్రజ్ఞా ప్రసూన్ అనే యాసిడ్ దాడి బాధితురాలు బ్యాంకు ఖాతా తెరవడానికి వెళితే, కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించమన్నారు. యాసిడ్ దాడి తర్వాత ఆమెకి కళ్లు ఆర్పడం సాధ్యం కాదు. చూపులేని న్యాయవాది అమర్ జైన్‌దీ ఇలాంటి బాధే. ఇద్దరి పిటిషన్లనీ కలిపి విని 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తేల్చింది. ఖాతాదారుల్ని గుర్తించే కేవైసీ పద్ధతులు మార్చమంటూ 20 ఆదేశాలిచ్చింది. కళ్లు ఆర్పడం ఒక్కటే బతికున్నట్టు గుర్తు కాకూడదంది. ఆ తీర్పు వార్త మావయ్య ఫోనులోనే విన్నాడు. నేను వెళ్లేసరికి అప్పటికి నాలుగోసారి వింటున్నాడు.

బయటి దేశాల్లో ఇది పాతికేళ్ల కిందటే తేలిన విషయం. సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైట్ తాను చదవలేకపోతున్నానని బ్రూస్ మాగ్వైర్ అనే చూపులేని వ్యక్తి 1999లో ఫిర్యాదు చేస్తే, సైటు సరిచేయమని 2000లో అక్కడి మానవ హక్కుల కమిషన్ చెప్పింది. నిర్వాహకులు పూర్తిగా సరిచేయకపోతే 20 వేల ఆస్ట్రేలియా డాలర్లు కట్టించింది. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి ఆన్‌లైన్ దుకాణాలకీ, బ్యాంకులకీ ఇది తప్పనిసరి అయింది. ఆ యూరప్ బ్యాంకులకీ అమెరికా కంపెనీలకీ ఆ సైట్లు కట్టేవాళ్లలో మన భీమవరం, కాకినాడ, అమలాపురం పిల్లలున్నారు. అక్కడివాళ్ల కోసం బటన్‌కి పేరు రాస్తున్నారు, రాయకపోతే టెస్టింగ్‌లో వెనక్కొస్తుంది కాబట్టి. ఇక్కడికి వచ్చేసరికి వెనక్కి పంపేవాడు ఉండడు. అంటే చేతకాక కాదు, అడిగేవాళ్లు లేక. ఈ మాట నేను బాధతో కాదు, ఆశతో అంటున్నాను. పని వచ్చినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

మధ్యలో మనిషి

2002లో పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాల్లో ఈ-సేవ కేంద్రాలు వెలిశాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు వాటిని నడిపారు. ఇంటర్నెట్ అంటే తెలియని రైతు దరఖాస్తు ఆ అమ్మాయిలు కంప్యూటర్లో పెట్టేవాళ్లు. ఆ తర్వాత మీసేవ, 2019 నుంచి గ్రామ సచివాలయాలు. అన్నిట్లోనూ మధ్యలో ఒక మనిషి, ఒక కుర్చీ, ఒక రశీదు ఉండేవి. ఇప్పుడు అన్నీ ఫోన్లోకి జరిగాక కళ్లున్నవాడికి ఆ మధ్య మనిషి అక్కర్లేదు. మావయ్యకి ఇంకా కావాలి. కానీ ఈసారి ఆ మనిషికి కుర్చీ లేదు, రశీదు లేదు, జవాబుదారీ లేదు. జిరాక్స్ షాపు కుర్రాడో, పక్కింటి పిల్లాడో, నేనో. సేవ దగ్గరైంది అనుకుంటాం గానీ, ఆయన రహస్యాలన్నీ ఊరి నోట్లో పడ్డాయి.

పక్కనే కృష్ణా డెల్టాలో మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ మనకి తెలుసు. చూపు లేదని ఇంటర్లో సైన్స్ ఇవ్వనంటే కోర్టుకెళ్లి గెలిచాడు. పుస్తకాలన్నీ గొంతుగా మార్చుకుని చదివాడు, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లాడు, తిరిగొచ్చి కంపెనీ పెట్టాడు. ఆయన మీద సినిమా వచ్చింది, చప్పట్లు కొట్టాం. కానీ ప్రతి పిల్లవాడూ కోర్టు మెట్లెక్కలేడు. పుస్తకం మొదటే గొంతు విప్పగలిగేలా ఉంటే కోర్టుకి వెళ్లాల్సిన పనే లేదు.

డెల్టావాళ్లకి ఈ సంగతి చెప్పడానికి నాకు మన కాలువలే దొరికాయి. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం తలుపుల నుంచి మూడు డెల్టాలకి నీళ్లు మళ్లాయి. ఆ రోజుల్లో కాలువంటే నీటికే కాదు, పడవకీ దారి. అయితే నది మట్టం ఒకటి, కాలువ మట్టం ఇంకొకటి. పడవ మెట్లెక్కలేదు. అందుకే ఆ ఇంజనీర్లు లాకులు కట్టారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు. నీళ్లు వదిలితే రెండు మట్టాలూ సమానమవుతాయి. ముందు తలుపు తీస్తే పడవ తనంతట తాను సాగిపోతుంది. లస్కరు తలుపు తీస్తాడంతే, పడవని భుజాన మొయ్యడు. కాలువ తవ్వేటప్పుడే లాకుని లెక్కలోకి తీసుకున్నారు. తవ్వేశాక 'అయ్యో పడవలు' అని వగచలేదు.

ఈ పదేళ్లలో మనం తవ్విన డిజిటల్ కాలువలకి లాకులు పెట్టలేదు. అందుకే పడవల్ని మోస్తున్నాం.

ఎవరేం చేయొచ్చు?

కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులకి ఒక మనవి. ఫైనలియర్ ప్రాజెక్టులో వెబ్‌సైటో యాపో కట్టిన ప్రతి బ్యాచ్‌నీ, తెర ఆపేసి, టాక్‌బ్యాక్ పెట్టి తమ ప్రాజెక్టు చూపించమనండి. దాటలేకపోతే మార్కులు తగ్గించండి. ఒక్క ఏడాది అలా చేస్తే ఆ పిల్లలు జీవితంలో పేరులేని బటన్ కట్టరు.

మా రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ దుకాణాలు ఆస్పత్రులకీ బళ్లకీ గుళ్లకీ సైట్లు కట్టి ఇస్తున్నాయి. కట్టించుకునే యజమానులు డబ్బు చెల్లించే ముందు "చూపు లేనివాళ్లు దీన్ని వాడి చూశారా అండీ?" అని ఒక్క మాట అడగాలి. అలా వాడి చూసే పనికి చూపు లేని నిరుద్యోగ పట్టభద్రుల్ని జీతమిచ్చి పెట్టుకోవాలి. వాళ్లకంటే బాగా తప్పులు పట్టేవాళ్లు దొరకరు.

పాఠకులూ చేయగలిగింది ఉంది. వాట్సాప్‌లో శ్రద్ధాంజలి, శుభలేఖ, సమావేశం కబురు బొమ్మగా పంపితే కింద రెండు వాక్యాలు టైపు చేయండి. ఏ సైటులోనైనా మీ ఇంట్లోవాళ్లు ఆగిపోతే ఎక్కడ ఆగారో, ఏ తేదీనో రాసుకుని ఆ సంస్థకి రాయండి. పలక్కపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయండి. ఆ అధికారం వాళ్లకి చట్టమిచ్చింది.

ఇక అధికారులకి. 2015 పుష్కరాల మొదటి రోజున, జులై 14 పొద్దున్న, రాజమండ్రి పుష్కరఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. ఏ రేవులో జనం ఎంతున్నారు, ఏ దారి మూశారు అన్న కబురు సకాలంలో అందడం ఎంత ముఖ్యమో ఆ రోజు ఈ ఊరికి తెలిసింది. మళ్లీ పుష్కరాలు 2027లో. వాటికోసం వెబ్‌సైట్లూ యాప్‌లూ తెర మీద పటాలూ తప్పకుండా వస్తాయి. టెండరు కాగితంలో ఇప్పుడే ఒక షరతు రాయండి. స్క్రీన్ రీడర్‌తో నడవని యాప్‌కి బిల్లు చెల్లించేది లేదని, బొమ్మగా ఇచ్చే ప్రతి సూచనా అక్షరాల్లో కూడా ఉండాలని, ప్రతి వీడియో కింద తెలుగు అక్షరాలు నడవాలని. విడుదలకి నెల ముందే చూపు లేని పదిమందికి, వినపడని పదిమందికి ఇచ్చి వాడించి చూడండి. ఆ పదిమందిలో ఒకడిగా రావడానికి మా మావయ్య సిద్ధంగా ఉన్నాడు.